స్కైరిమ్ మోడ్‌కి సొంత మెనూ: ఎంసీఎం మంచిదా, ఎంసీఎం హెల్పరా?

నమస్తే అండీ. ముందు స్క్రీన్ చూడండి. స్కైరిమ్ గేమ్ పాజ్ చేశాను, సిస్టమ్‌లో మోడ్ కాన్ఫిగరేషన్ నొక్కాను. మోడ్ల సెట్టింగ్స్ మార్చే ఈ మెనూనే ఎంసీఎం. ఎడమ పక్క 'మత్తు' అని ఉంది కదా, అది నా మోడ్, అంటే గేమ్‌కి నేను చేర్చిన మార్పు. మీడ్ ఎక్కువ తాగితే తల తిరుగుతుంది, అంతే. మీడ్ అంటే తేనెతో చేసే కల్లు అనుకోండి. లోపల ఉన్నవి రెండే: ఆన్, ఆఫ్ చేసే టాగిల్ ఒకటి, ఎన్ని సీసాలకు మత్తెక్కాలో చెప్పే స్లైడర్ ఒకటి. మోడ్ రెండు సాయంత్రాల్లో అయిపోయింది. ఈ రెండు లైన్ల మెనూకి మాత్రం వారం పట్టింది.

2011లో గేమ్ వచ్చిన కొత్తలో ఈ సౌకర్యం లేదు. సెట్టింగ్ మార్చాలంటే మోడ్ మీకో మంత్రమో, ఉంగరమో ఇచ్చేది. దాన్ని వాడితే మెసేజ్ బాక్సులు ఒకదాని వెనక ఒకటి వచ్చేవి. తర్వాత గేమ్ మెనూలను మార్చే స్కైయూఐ అనే మోడ్ వాళ్లు ఎంసీఎం తెచ్చారు. దానికి ఎస్‌కేఎస్‌ఈ, అంటే గేమ్ స్క్రిప్టులకు అదనపు పనులు నేర్పే టూల్, ఉండాల్సిందే.

పని ఎలా చేస్తుందంటే, మోడ్లు చేసే టూల్ క్రియేషన్ కిట్‌లో ఒక క్వెస్ట్ పెట్టి, దానికి స్కైయూఐ ఇచ్చే ఎస్‌కేఐ_కాన్ఫిగ్‌బేస్‌ని ఎక్స్‌టెండ్ చేసే స్క్రిప్ట్ తగిలిస్తాం. పేజీ తెరవగానే ఆన్‌పేజ్‌రీసెట్ నడుస్తుంది, ఆప్షన్లన్నీ అక్కడే గీయాలి. గీసిన ప్రతిదానికీ ఒక నంబర్ తిరిగొస్తుంది. దాన్ని దాచుకోవాలి, ప్లేయర్ ఏది నొక్కాడో ఆ నంబర్‌తోనే తెలుస్తుంది. స్లైడర్ దగ్గర నేను బోల్తా పడ్డాను. చూడండి, మూడు నుంచి ఆరుకి జరిపి ఓకే కొట్టాను, మెనూలో ఇంకా మూడే ఉంది! నా వేరియబుల్ మారింది కానీ, సెట్‌స్లైడర్‌ఆప్షన్‌వాల్యూ పిలవడం మర్చిపోయాను. అది పిలిస్తేనే తెర మీద అంకె మారుతుంది.

ఇదంతా చిన్న తలనొప్పి. అసలు టెన్షన్ సేవ్ ఫైల్‌తో. పేజీల పేర్లు పెట్టే ఆన్‌కాన్ఫిగ్‌ఇనిట్ ఒక్కసారే నడుస్తుంది, ఆ తర్వాత అవి సేవ్‌లో కూర్చుంటాయి. మీరు కొత్త పేజీ చేర్చి పాత సేవ్ తెరిస్తే ఏమీ కనిపించదు. కోడ్ తప్పనుకుని మూడు రోజులు దాన్నే తిప్పి తిప్పి రాశాను. కోడ్ బాగానే ఉంది. గెట్‌వెర్షన్‌లో నంబర్ పెంచి, ఆన్‌వెర్షన్‌అప్‌డేట్‌లో పేజీలు మళ్లీ పెట్టాలి. పైగా క్వెస్ట్‌లో ప్లేయర్ ఎలియాస్ (ప్లేయర్‌ని సూచించే పేరు) పెట్టి దానికి ఎస్‌కేఐ_ప్లేయర్‌లోడ్‌గేమ్‌ఎలియాస్ తగిలించకపోతే ఆ వెర్షన్‌ని ఎవరూ చూడరు. నేను వదిలేసింది సరిగ్గా అదే. టెస్ట్ చేసేటప్పుడు పాత సేవ్ జోలికి పోకండి. మెయిన్ మెనూలోనే ఆదేశాలు టైప్ చేసే కన్సోల్ తెరిచి 'coc riverwood' కొట్టండి, నేరుగా ఊళ్లో దిగుతారు.

ఇక ఎంసీఎం హెల్పర్. ఇదీ ఒక మోడే. దీంతో మెనూ మొత్తం జేసన్ అనే ఒక టెక్స్ట్ ఫైల్‌లో రాస్తాం. విలువలు సేవ్‌లో కాకుండా ఐఎన్‌ఐ అనే సెట్టింగ్స్ ఫైల్‌లో ఉంటాయి కాబట్టి కొత్త గేమ్ మొదలుపెట్టినా ప్లేయర్ సెట్టింగ్స్ పోవు. నాకైతే ఈ ఒక్క కారణం చాలు. క్వెస్ట్ మాత్రం దీనికీ కావాలి, వాడేవాళ్లు ఈ హెల్పర్ మోడ్‌ని కూడా దించుకోవాలి. ఆప్షన్లు ఆట మధ్యలో పుట్టుకొచ్చే రకం మోడ్ అయితే, ఉదాహరణకు మీ వెంట ఉన్న ఫాలోవర్ల పేర్లు చూపించాలంటే, పాత పద్ధతిలో స్క్రిప్ట్ రాయడమే నయం. నా 'మత్తు' లాంటివాటికి హెల్పరే.

ఒక మాట, మెనూ మాటలుండే అనువాదం ఫైల్‌ని యూటీఎఫ్-16 ఎల్‌ఈ ఎన్‌కోడింగ్‌లో, బామ్‌తో (ఫైల్ మొదట్లో ఎన్‌కోడింగ్ చెప్పే గుర్తు, BOM) సేవ్ చేయండి. కీకి (డాలర్ గుర్తుతో మొదలయ్యే పేరు), దాని బదులు కనిపించాల్సిన మాటకి మధ్య స్పేస్ కాదు, ట్యాబ్ ఉండాలి. లేకపోతే ఇదిగో ఇలా, మెనూ నిండా డాలర్ గుర్తులే. ఆశకొద్దీ తెలుగులో కూడా పెట్టి చూశాను. గేమ్ ఫాంట్‌లో మన అక్షరాలు లేవు, అన్నీ ఖాళీ డబ్బాలు. అందుకే పైన మీరు చూసిన 'మత్తు' అనే పేరు గేమ్‌లోది కాదు, ఎడిటింగ్‌లో నేను అంటించింది. గేమ్‌లో దాని పేరు ఇంగ్లిష్‌లోనే ఉంది.

నా జేసన్ ఫైల్ డిస్క్రిప్షన్‌లో పెట్టాను. మార్చుకునేటప్పుడు కామాలు చూసుకోండి.