పేరు తప్పు పలికినా ఫర్వాలేదు, ఆ ఒక్క మాట తప్పితేనే గోల | మ్యాజిక్ ఐటెమ్ కార్డుల రివ్యూ

హాయ్ అండీ! ముందే చెప్పేస్తున్నా, డంజన్స్ అండ్ డ్రాగన్స్ అని, టేబుల్ చుట్టూ కూర్చుని ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా కథ నడిపే ఆట ఉంది కదా, దాన్లోని మాయ వస్తువుల కార్డుల డబ్బా ఇది, నాకు ఊరికే పంపారు. డబ్బులేం ఇవ్వలేదు, వీడియో ముందుగా చూపించమని అడగలేదు కూడా. ఎన్ని కార్డులు, ఏం సైజు, అవన్నీ మీరు ఈపాటికి చూసే ఉంటారు. బొమ్మలు బాగున్నాయి. అంతే, పదండి.

నాకు తెగ నచ్చేసింది ప్రతి పేరు కింద వేసిన ఉచ్చారణ. ఇదిగో, దగ్గరగా చూడండి. ఐ, ఓ, యూ, ఎన్. నాలుగు అక్షరాల్లో మూడు అచ్చులే! ఆటలో తల చుట్టూ గిరగిరా తిరిగే మాయ రాయి ఇది. మా టేబుల్ దగ్గర ఒకడు అయాన్ అంటాడు, ఇంకొకడు ఇయౌన్. నేనైతే మొదటి అక్షరాన్ని ఎల్ అనుకుని చాలాకాలం లోన్ స్టోన్ అనే చదివా. అప్పు రాయి అన్నమాట! పలకాల్సింది ఐ-ఊన్. ఈ గొడవ ఇప్పటిది కాదు లెండి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో వచ్చిందా, 1985 జనవరికల్లా ఆ ఆట పత్రిక డ్రాగన్ 93వ సంచికలో, ఆట పుస్తకాలు రాసిన ఫ్రాంక్ మెంట్జర్ ఇలాంటి పేర్లకి ఉచ్చారణ జాబితా ఇవ్వాల్సొచ్చింది.

సరే, పేరు తప్పు పలికితే రాయి తిరగడం మానేస్తుందా? మానదు. అపరేటస్ ఆఫ్ క్వాలిష్ అనే ఇంకో వస్తువు చూడండి. పేరుకి నోరు తిరగదు. వాడాలంటే మాత్రం నోటితో పనే లేదు. 500 పౌండ్ల ఇనప పీపాలో దూరి, వరసగా ఉన్న 10 లీవర్లు లాగడమే.

నోరు కావాల్సింది వస్తువుని పనిచేయించే మాటకి, అంటే కమాండ్ వర్డ్‌కి. 2014 నాటి ఐదో ఎడిషన్‌లో అది పైకి అనాల్సిందే, శబ్దాన్ని ఆపేసే సైలెన్స్ స్పెల్‌లో ఉంటే వస్తువు పనిచేయదు. ఆటలో నా దగ్గర ఎన్ని నీళ్లు పోసినా అయిపోని కూజా, డికాంటర్ ఆఫ్ ఎండ్‌లెస్ వాటర్ ఉండేది. స్ట్రీమ్ అంటే ఒక గాలన్, ఫౌంటెన్ అంటే 5, గైజర్ అంటే ఏకంగా 30 గాలన్లు చిమ్ముకుంటూ వస్తాయి, ఎదురుగా ఉన్నవాడు తట్టుకోలేకపోతే కిందపడతాడు. ఎదురుగా ఓగర్ అనే రాకాసి. నేను కంగారులో "గీజర్!" అని అరిచా. మా డీఎమ్, అంటే ఆట నడిపించేవాడు, కాసేపు నవ్వి, "నువ్వు పిలిచింది బాత్రూంలోదాన్ని కదా" అని 30 గాలన్ల గోరువెచ్చని నీళ్లు పోయించాడు. ఓగర్ పడనైతే పడింది, కానీ హాయిగా స్నానం చేసి లేచింది. ఇప్పటికీ నన్ను గీజర్ అనే పిలుస్తారు.

అందుకే నా చిరాకంతా ఇక్కడే. ఇన్ని పేర్లకి ఉచ్చారణ వేశారు కదా, కమాండ్ వర్డ్ రాసుకోవడానికి ఒక్క గీత వదల్లేదేంటండీ? మా పాత కార్డులు పల్చటి అట్టవే, మూలలు నలిగిపోయాయి కూడా. కానీ వెనక ఖాళీ ఉండేది, ఒక్కో క్యాంపెయిన్‌కి (అంటే ఒక్కో కథకి) ఒక్కో మాట పెన్సిల్‌తో రాసి చెరిపేసేవాళ్లం. వీటి మీద నున్నటి పూత. పెన్సిల్ పట్టదు. పెన్నుతో రాశానా... ఇదిగో, నా బొటనవేలు, ఐ-ఊన్ రాయి, రెండూ నీలం.

ఊరికే వచ్చాయి కాబట్టి ఉంచుకుంటా, పేర్లు నేర్చుకోవడానికి. కొనుక్కుంటారా అంటే, ఆ గీత పెట్టేదాకా వద్దంటా. డికాంటర్ కార్డు వెనక మాత్రం చీటీ అంటించేశా, తెలుగులో, పెద్దక్షరాలతో: గై-జ-ర్.