అచ్చుతప్పు ఉన్న పేజీని నమ్మకండి!

ఒక పేజీలో అచ్చుతప్పు పదేళ్లుగా అలాగే ఉందంటే దానర్థం ఒక్కటే. ఆ పేజీని పదేళ్లుగా ఎవరూ చదవలేదు. రాసినవాళ్లు మళ్లీ చూసుకోలేదు, సరిచూడాల్సినవాళ్లు సరిచూడలేదు, వాడుకునే మనం సరేసరి. మరి ఎవరూ చదవని పేజీలో ఉన్న కమాండ్‌ని ఎవరైనా రన్ చేసి చూసుంటారా? చూసుండరు. ఇదీ నా థియరీ. వీడియో అయ్యేసరికి మీచేత కూడా అవుననిపిస్తాను.

గొడవేంటో మీకు తెలిసిందే. డేటాబేస్ డాక్యుమెంటేషన్‌లో ఎవరో ఒక్క అక్షరం దిద్ది ప్యాచ్, అంటే ఆ చిన్న మార్పు, పంపుతారు. అంతే, సీనియర్లకి ఎక్కడలేని నవ్వూ వచ్చేస్తుంది. "ఇది కూడా కాంట్రిబ్యూషనేనా?", "రెజ్యూమేలో పెట్టుకోవడానికి కాకపోతే ఎందుకు?" కాస్త మర్యాదస్తులైతే "హిస్టరీ అంతా చెత్తతో నిండిపోతోంది" అంటారు.

సరే, వాళ్లకీ ఒక నిమిషం ఇద్దాం. ఒక్క నిమిషమే. 2020 అక్టోబర్‌లో హ్యాక్టోబర్‌ఫెస్ట్ అని డిజిటల్ ఓషన్ అనే క్లౌడ్ కంపెనీ వాళ్ల పండగ జరిగింది. నాలుగు పుల్ రిక్వెస్ట్‌లు, అంటే నా మార్పు మీ ప్రాజెక్టులో కలుపుకోండి అనే అభ్యర్థనలు, పంపితే టీషర్ట్. ఇంకేముంది, టీషర్ట్ కోసం జనం ఎగబడ్డారు. రీడ్‌మీ ఫైల్‌లో బాగున్న వాక్యానికి "అమేజింగ్" అని తగిలించి పంపినవాళ్లు ఎంతమందో. ప్రాజెక్టులు నడిపేవాళ్లు లబోదిబోమన్నారు. కొద్ది రోజుల్లోనే రూల్ మార్చి, మాకు ఇష్టమే అని ముందే చెప్పిన ప్రాజెక్టుల్లో పంపినవే లెక్క అన్నారు. ఆ కోపం న్యాయమైనదే. ఇంకోటి, ఎర్రర్ మెసేజ్‌లో ఒక్క అక్షరం మారిస్తే దాని అనువాదాలన్నీ మళ్లీ చూసుకోవాలి. అదీ నిజమే. అయిపోయింది నిమిషం.

టీషర్ట్ కోసం చెత్త పంపినవాడూ, పేజీ మొత్తం చదివి పదిహేడో పేరాలో తప్పు పట్టినవాడూ ఒకటేనా? ఇద్దర్నీ ఒకే గాటన కడతారేంటి?

ఇప్పుడు స్క్రీన్ మీద చూడండి. ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ ఓపెన్ చేశాను. టేబుల్ ఒకటి చేస్తున్నాను, అందులో ఐడీ, పేరు. ఐడీ పక్కన ఇంటీజర్ ప్రైమరీ కీ అని రాయాలి, అంటే ప్రతి వరసనీ గుర్తుపట్టే పూర్ణాంకం అని. నేను కావాలనే ఇంటీజర్ స్పెల్లింగ్‌లో చివరి రెండు అక్షరాలు తారుమారు చేశాను. ఇ, ఆర్ ఉండాల్సిన చోట ఆర్, ఇ. ఎంటర్ కొడుతున్నా. ఎర్రర్ వచ్చిందా? రాలేదు! టేబుల్ రెడీ.

ఎందుకు రాలేదంటే, ఎస్‌క్యూలైట్‌కి కాలమ్ టైప్ దగ్గర పట్టింపు లేదు. ఆ మాటలో ఎక్కడైనా ఐ, ఎన్, టీ అనే మూడక్షరాలు వరసగా కనిపిస్తే చాలు, ఓహో పూర్ణాంకం కాబోలు అనుకుంటుంది. ఫ్లోటింగ్ పాయింట్ అని రాసినా పూర్ణాంకమే అనుకుంటుంది, పాయింట్ అనే మాట చివర ఆ మూడక్షరాలే ఉన్నాయి కదా! జోక్ చేయట్లేదు, ఈ సంగతి వాళ్ల డాక్యుమెంటేషన్‌లో వాళ్లే రాసుకున్నారు.

ఇప్పుడు పేరు మాత్రం ఇచ్చి రెండు వరసలు వేస్తున్నా. ఇంటీజర్ ప్రైమరీ కీ అని అక్షరం పొల్లు పోకుండా రాసుంటే ఒకటి, రెండు అని తనే నంబర్లు వేసుకునేది. సెలెక్ట్ కొడుతున్నా. చూశారా? పేర్లున్నాయి. ఐడీ గడి ఖాళీ. రెండింట్లోనూ ఖాళీ. ప్రైమరీ కీలో నల్, అంటే విలువే లేదు! క్లాసులో ప్రైమరీ కీ అంటే ఏం చెప్పారు? నల్ ఉండకూడదు, రిపీట్ కాకూడదు. ఇక్కడ రెండు నల్‌లు పక్కపక్కనే కూర్చున్నాయి. ఇది పాత బగ్. ఇప్పుడు సరిచేస్తే పాత అప్లికేషన్లు పాడైపోతాయని అలాగే వదిలేశారు. 2021లో 3.37 వెర్షన్‌లో స్ట్రిక్ట్ టేబుల్స్ తెచ్చారు, వాటిలో ఇలాంటి టైప్ పేరు రాస్తే ఒప్పుకోదు. కానీ స్ట్రిక్ట్ అని మీరు రాయాలి. రాయకపోతే పాత కథే.

ఇప్పుడు చెప్పండి. ఇదే తప్పు ఏ ట్యుటోరియల్ ఉదాహరణలోనో పడిందనుకోండి. వెయ్యిమంది కాపీ చేస్తారు. వెయ్యిమందికీ "పనిచేస్తోంది". దాన్ని దిద్దింది ఒక్కడు. వాడిని చూసి నవ్వుతారా?

"దానికి టూల్స్ ఉన్నాయిగా" అంటారు. ఉన్నాయి. కోడ్‌స్పెల్ అని ఒకటుంది, జనం మామూలుగా చేసే తప్పుల జాబితా పెట్టుకుని వెతుకుతుంది. సెపరేట్‌లో ఏ బదులు ఇ పడితే పట్టేస్తుంది. బాగుంది. మరి "ఈ ఆప్షన్ వాడటం నాట్ సేఫ్" అని ఉండాల్సిన చోట "నౌ సేఫ్" అని పడితే? చివరి అక్షరం టీ బదులు డబ్ల్యూ. నాట్ కూడా సరైన మాటే, నౌ కూడా సరైన మాటే. టూల్‌కి అక్కడ తప్పేం కనిపించదు. వద్దన్నది కాస్తా ఇప్పుడు ఫర్వాలేదు అయిపోయింది! ఇది పట్టాలంటే మనిషే కావాలి, అదీ అర్థం చేసుకుంటూ చదివే మనిషి.

అసలు ఒక మాట తప్పుగా ఉంటే డేటా పోతుందా అంటారా? పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్‌ని అడగండి. పీజీ_ఎక్స్‌లాగ్ అని ఒక డైరెక్టరీ ఉండేది. అందులో స్పెల్లింగ్ తప్పేమీ లేదు, పేరే తప్పు. లాగ్ అని కనిపించేసరికి, డిస్క్ నిండిపోతోంది, లాగ్‌లేగా అని డిలీట్ చేసేసేవాళ్లు. అవి డేటాబేస్‌కి ప్రాణం లాంటి ఫైళ్లు. పోయిన డేటా ఇక రాదు. చివరికి 2017లో పదో వెర్షన్‌లో దాని పేరు పీజీ_వాల్ అని మార్చారు. కారణం రిలీజ్ నోట్స్‌లోనే రాశారు, జనం అవసరం లేని లాగ్ ఫైళ్లనుకుని తీసేస్తున్నారని. మాటకి అంత పవర్ ఉంది మరి.

చిన్న పక్కదారి. మీరు ఏ పేజీ నుంచి వచ్చారో బ్రౌజర్ సైట్‌కి చెప్పే రెఫరర్ హెడర్ ఉంటుంది కదా, దాని స్పెల్లింగ్‌లో ఒక ఆర్ తక్కువ. 1996లో హెచ్‌టీటీపీ ప్రమాణం రాసినప్పుడు ఆ తప్పుతోనే అచ్చయిపోయింది. ఇప్పటికీ ప్రపంచంలో బ్రౌజర్లన్నీ ఆ తప్పునే పంపుతున్నాయి. తర్వాత వచ్చిన రెఫరర్ పాలసీ హెడర్‌లో మాత్రం స్పెల్లింగ్ కరెక్టు! రెండూ పక్కపక్కనే తిరుగుతున్నాయి. ముద్రారాక్షసం అని మనవాళ్లు ఊరికే అనలేదు. మొదటి రోజే చంపకపోతే కూర్చుని ఇల్లు కట్టుకుంటుంది.

ఇప్పుడు నా సంగతి. నేను పనిచేసిన ఒక కంపెనీలో, పేరు చెప్పను, బ్యాకప్ టూల్ సెట్ చేయడానికి సొంతంగా రాసుకున్న పేజీ ఒకటుండేది. బ్యాకప్‌లు ముప్పై రోజులు ఉంచాలని సెట్టింగ్. అందులో రిటెన్షన్ అనే మాటలో ఒక ఎన్ ఎగిరిపోయింది. ఆ టూల్‌కి తెలియని పేరు కనిపిస్తే అరవదు, పట్టించుకోకుండా డిఫాల్ట్ తీసుకుంటుంది. డిఫాల్ట్ ఏడు రోజులు. టీమ్‌లో అందరం ఆ పేజీ నుంచే కాపీ కొట్టాం. కొత్తగా చేరిన అమ్మాయి రెండో రోజే "ఇక్కడ ఒక అక్షరం పోయినట్టుందండీ" అంది. "ఏం పర్లేదులేమ్మా, పనిచేస్తోందిగా" అన్నారు. అన్నది నేనే. రెండు నెలల తర్వాత పన్నెండు రోజుల కిందటి బ్యాకప్ కావాల్సొచ్చింది. ఆ రాత్రి టెన్షన్ చెప్పక్కర్లేదు. ఫోల్డర్‌లో ఏడంటే ఏడే ఫైళ్లు. పోస్ట్‌గ్రెస్ సెట్టింగ్ పేరు మామూలుగా తప్పు రాస్తే సర్వర్ స్టార్టే అవ్వదు. అది విసుగనుకునేవాణ్ని. ఆ రాత్రి తర్వాత ఆ విసుగుకి దండం పెట్టాను.

తప్పు అలాగే ఉందంటే ఎవరూ చదవలేదన్న నా థియరీ ఇంకా నమ్మట్లేదా? పోయిన వారం మన వీడియో థంబ్‌నెయిల్‌లో డేటాబేస్‌కి దీర్ఘం ఎగిరిపోయింది. నాలుగు నిమిషాల్లో మొదటి మెసేజ్. గంటలో నా పరువు తీసేశారు. ఎందుకు? థంబ్‌నెయిల్ అందరూ చదువుతారు కాబట్టి. ఇదే ఛానెల్ డిస్క్రిప్షన్‌లో మూడో లైన్‌లో పోస్ట్‌గ్రెస్ అనే మాటలో ఒక ఎస్ లేదు. ఆరు నెలలైంది. ఇప్పటిదాకా ఒక్కళ్లు అడిగితే ఒట్టు.