జబ్బు పేరు ఒక్కటే, జన్యువులు వందలు

అందరికీ నమస్కారం.

కంటి వెనక వెలుగును పట్టే పొర రెటీనా. దాని జబ్బు జన్యువుల వల్ల వచ్చిందని చెప్పగానే తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న, "మా ఇంట్లో ఎవరికీ లేదే, మావాడికెలా వచ్చింది?" ఆ తర్వాత కాస్త గొంతు తగ్గించి రెండోది, "ఇది ఎవరి వైపు నుంచి వచ్చినట్టు?" ఈ రెండో ప్రశ్న ఎవరు అడుగుతారో, ఎవరి వంక చూస్తూ అడుగుతారో మీకు నేను చెప్పక్కర్లేదు.

జవాబు చెప్పాలంటే ముందు కంటి లోపలికి వెళ్లాలి. రెటీనాలో వెలుగును పట్టే కణాలు రెండు రకాలు. మసక వెలుతురులో చూపునిచ్చేవి రాడ్లు. పగటి చూపుకీ, రంగులకీ, సన్నటి అక్షరాలకీ కోన్లు. ఒక్కో కంట్లో రాడ్లు సుమారు 12 కోట్లు, కోన్లు 60 లక్షలు ఉంటాయి. రాడ్లలోని రొడాప్సిన్ అనే ప్రోటీన్ తన పొట్టలో విటమిన్-ఎ నుంచి తయారైన ఒక చిన్న అణువును దాచుకుంటుంది. ఆ అణువుకి ఒకచోట మెలిక ఉంటుంది. వెలుగు తగలగానే ఆ మెలిక సాగిపోతుంది, కణం మెదడు వైపు కబురు పంపడం మొదలవుతుంది. చూపంటే మొదట జరిగేది ఇంతే.

మళ్లీ చూడాలంటే మళ్లీ మెలిక పడాలి. ఆ పని రాడ్ సొంతంగా చేసుకోలేదు. సాగిపోయిన అణువు వెనకనున్న నల్లటి పొరలోని కణాలకు చేరుతుంది. అక్కడ ఆర్‌పీఈ65 అనే ఎంజైమ్ దానికి మెలిక వేస్తే, అది తిరిగి రాడ్‌కి వస్తుంది. ఆర్‌పీఈ65 జన్యువు కాపీలు రెండూ పాడైతే ఈ రాకపోకలు ఆగిపోతాయి. బిడ్డకు రాడ్లు ఉంటాయి, రొడాప్సిన్ ప్రోటీన్ కూడా ఉంటుంది, కానీ దానికి కావలసిన సరుకు అందదు. పసితనం నుంచే చూపు బాగా తక్కువగా ఉండే లెబర్ కంజెనిటల్ అమరోసిస్‌లో ఇదొక రకం.

ఇదే దారిలో ఇంకోచోట ఏబీసీఏ4 అనే ప్రోటీన్ పనిచేస్తుంది. వాడేసిన అణువు రాడ్లు, కోన్ల లోపలి పొరల్లో చిక్కుకుపోకుండా అవతలికి దాటించడం దాని పని. అది చెడితే వెనక పొరలో విషపు చెత్త పోగవుతుంది, నడిమి చూపు దెబ్బతింటుంది. అదే స్టార్‌గార్ట్ జబ్బు. ఇందులో అదనపు విటమిన్-ఎ ఆ చెత్తను పెంచే ప్రమాదం ఉంది. ఆహారలోపం వల్ల వచ్చే రేచీకటికి విటమిన్-ఎ మందే, కాదనను. కానీ చూపు తగ్గిందనగానే ఆ మాత్రలు తెచ్చి మింగించడం మాత్రం వద్దు.

ఇక మొదటి ప్రశ్న. దాదాపు ప్రతి జన్యువూ మనకు రెండు కాపీలు, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. పైన చెప్పిన రెండు జబ్బుల్లోనూ ఒక కాపీ బాగుంటే చాలు, చూపుకి లోటుండదు. అమ్మకీ నాన్నకీ చెరొక పాడైన కాపీ ఉండి, ఇద్దరి చూపూ బాగానే ఉండొచ్చు. ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఆ రెండూ చేరే అవకాశం నాలుగింట ఒకటి. తరాల తరబడి ఎవరికీ కనబడకుండా నడిచొచ్చిందంటే కారణం అదే. భార్యాభర్తలు దగ్గరి రక్తసంబంధీకులైతే ఒకే పాడైన కాపీ ఇద్దరి దగ్గరా ఉండే అవకాశం పెరుగుతుంది.

ఎవరి వైపు నుంచి అంటే, ఇక్కడ ఇద్దరి వైపు నుంచీ. రాడ్లు మెల్లగా నశించిపోయే రెటినైటిస్ పిగ్మెంటోసా జబ్బుకి కారణమయ్యే ఆర్‌పీజీఆర్ జన్యువు సంగతి వేరు. అది ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, మగపిల్లలకు ఎక్స్ ఒక్కటే కాబట్టి జబ్బు వాళ్లలో తీవ్రంగా బయటపడుతుంది. ఆ ఎక్స్ అమ్మ నుంచే వస్తుంది, నిజమే. తనకున్న రెండు ఎక్స్‌లలో ఏది ఇవ్వాలో ఆమె చేతిలో లేదుగా! రొడాప్సిన్ జన్యువులోనైతే ఒక్క కాపీ పాడైనా చాలు. 348 అమైనో ఆమ్లాలు గొలుసులా పేర్చిన ఆ ప్రోటీన్‌లో 23వ చోట ప్రోలీన్ బదులు హిస్టిడిన్ పడితే రెటినైటిస్ పిగ్మెంటోసా వస్తుందని 1990లో తేలింది. ప్రోటీన్ సరిగ్గా మడత పడక కణాన్నే దెబ్బతీస్తుంది. ముందు రాడ్లు పోతాయి, వాటి వెనకే ఏ తప్పూ లేని కోన్లు కూడా.

రెటీనా జబ్బులకు కారణమని ఇప్పటిదాకా గుర్తించిన జన్యువులు 270కి పైనే. అందుకే రిపోర్టులో రెటినైటిస్ పిగ్మెంటోసా అని రాసినంత మాత్రాన సగం సంగతే తెలిసినట్టు. యూఎస్‌హెచ్2ఏ జన్యువు చెడితే కొందరికి చూపుతో పాటు వినికిడీ తగ్గుతుంది, కొందరికి చూపు ఒక్కటే. కంటి డాక్టరు చెవుల గురించి ఎందుకు అడుగుతున్నారా అనుకోకండి. 2017 డిసెంబరులో అమెరికాలో అనుమతి పొందిన జన్యు చికిత్స లక్స్‌టర్నా పనిచేసేది ఆర్‌పీఈ65 రెండు కాపీలూ పాడైనవారికే, అదీ రెటీనాలో బతికున్న కణాలు తగినన్ని మిగిలి ఉంటేనే.

పరీక్షకు బిడ్డతో పాటు అమ్మానాన్నల రక్తం కూడా అడుగుతారు. ఒకే జన్యువులో రెండు మార్పులు కనిపించినా, అవి రెండూ ఒకే కాపీ మీద ఉంటే రెండో కాపీ బాగున్నట్టే, అప్పుడు కారణం వేరేచోట వెతకాలి.

ఏమీ దొరకలేదని రిపోర్టు వస్తే జన్యు కారణం లేదని అర్థం చేసుకోవద్దు. సీఈపీ290 జన్యువులో ఒక మార్పు, ప్రోటీన్‌కి పనికొచ్చే భాగాలకు దూరంగా, మామూలు పరీక్ష చూడని చోట ఉంటుంది. వాక్యం మధ్యలో సంబంధం లేని మాట ఇరికించినట్టు, అది జన్యు సందేశంలో అక్కర్లేని ముక్కను చేరుస్తుంది, ప్రోటీన్ అక్కడితో ఆగిపోతుంది. ఇలాంటివి ఇంకా బయటపడుతూనే ఉన్నాయి. కాబట్టి రిపోర్టు పారేయకండి. రెండు మూడేళ్లు పోయాక అదే డేటాను మళ్లీ ఒకసారి చూడమని మీరే డాక్టరుని అడగండి. ఇక మీ ప్రశ్నలు వింటాను.