లైబ్రరీలో కుట్టుమిషన్ ఎందుకు? హెల్సింకి చేసిన పని

[దృశ్యం: కుట్టుమిషన్ సూది, బాగా దగ్గరగా. దాని కింద నీలం జీన్స్ గుడ్డ జరుగుతోంది. కెమెరా మెల్లగా వెనక్కి వస్తే గాజుగోడ అవతల గిటార్ వాయిస్తున్న కుర్రాడు.]

ఇది టైలరింగ్ సెంటర్ కాదండీ, లైబ్రరీ. అదీ ప్రభుత్వ లైబ్రరీ. పాత ప్యాంటు ఒకటి పట్టుకొచ్చి, మిషన్ బుక్ చేసుకుని, అంచు మడిచి కుట్టుకుని వెళ్లిపోవచ్చు. మిషన్‌కి అద్దె లేదు. అవతల త్రీడీ ప్రింటర్ ఉంది, దాంట్లో ఖర్చయిన ప్లాస్టిక్‌కి మాత్రం డబ్బు కట్టాలి. గిటార్ వాయించే గది కూడా లైబ్రరీదే. ఇంత చప్పుడవుతున్నా ఎవరూ వచ్చి "ష్..." అనడం లేదు.

[తెరపై: హెల్సింకి మ్యాప్. రైల్వే స్టేషన్, పార్లమెంటు, రెంటికీ దగ్గర్లో ఓదీ.]

ఊరు హెల్సింకి, ఫిన్లాండ్ రాజధాని. లైబ్రరీ పేరు ఓదీ. 2018 డిసెంబర్ 5న, అంటే వాళ్ల స్వాతంత్య్ర దినానికి సరిగ్గా ముందురోజు, తలుపులు తెరిచారు. కట్టడానికి 10 కోట్ల యూరోలకు కాస్త తక్కువైంది. మరుసటి సంవత్సరం, 2019లో, ఇక్కడికి జనం 30 లక్షల సార్లు వచ్చారు. అప్పటికి ఊరి జనాభా ఆరున్నర లక్షలు. అదే ఏడాది ప్రపంచంలో ఉత్తమ కొత్త పబ్లిక్ లైబ్రరీగా అంతర్జాతీయ గ్రంథాలయ సమాఖ్య అవార్డు కూడా దీనికే వచ్చింది.

ఈ బిల్డింగ్ ఫొటోలు మీ వాట్సాప్‌లోకి ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటాయి. తెల్లటి మేఘంలాంటి పైకప్పు, చెక్కతో తాపడం చేసిన వంపు గోడ. "మన దగ్గర ఇలాంటివి ఎప్పుడొస్తాయో" అని కింద ఒక మెసేజ్. ఆ ఫొటోల్లో పడని సంగతి ఒకటుంది. అక్కడ బిల్డింగ్ ఆఖరున వచ్చింది. అంతకు ముందు పదమూడేళ్ల పని నడిచింది. అదే ఇవాళ్టి వీడియో.

[తెరపై: 2005]

హెల్సింకి రైల్వే స్టేషన్ పక్కనే పెద్ద పోస్టాఫీసు భవనం ఉంది. 2005లో అందులో కొంత చోటు తీసుకుని "లైబ్రరీ 10" అని ఒకటి మొదలుపెట్టారు. ప్రధానంగా సంగీతానికి. సీడీలు, స్వరాల పుస్తకాలు అరల్లో ఉండేవి. వాటితోపాటు పాట రికార్డు చేసుకునే గదులు, వాయిద్యాలు, చిన్న వేదిక కూడా పెట్టారు. తర్వాత దగ్గర్లోనే ఇంకో చోట, జనం కూర్చుని పనిచేసుకోవడానికి, యంత్రాలు వాడటం నేర్చుకోవడానికి మరో కేంద్రం తెరిచారు. లైబ్రేరియన్లకు అక్కడ పని మారిపోయింది. పుస్తకం ఎక్కడుందో చెప్పడంతోపాటు మైకు ఎలా కలపాలో, ఫైలు ప్రింటర్‌కి ఎలా పంపాలో చూపించాలి. ఏది బాగా వాడుతున్నారు, ఏది మూలన పడి ఉంటోంది అన్నది రోజూ కళ్లముందే తేలిపోయేది.

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి, తప్పు చేసినా పెద్దగా నష్టం లేకపోవడం. ఒక మూల ఉన్న సామాను ఎవరూ ముట్టకపోతే తీసేస్తే సరి. కోట్లు పోసి కట్టేశాక ఆ వీలుండదు.

ఓదీ ప్లాను వేసే రోజుల్లో ఊళ్లో జనాన్ని అడిగారు, "మీకు లైబ్రరీలో ఏం కావాలి?" అని. 2012లో "కలల చెట్టు" అని ఒకటి పెడితే కోరికలు వేలల్లో వచ్చాయి. అడగడంతో ఊరుకోలేదు. లక్ష యూరోలు పక్కనపెట్టి, ఏ ప్రయోగాల మీద ఖర్చు పెట్టాలో జనాన్నే తేల్చమన్నారు. అన్నట్టు, ఫిన్లాండ్ వాళ్లకి ఆవిరి స్నానం లేనిదే పూట గడవదు కదా, లైబ్రరీలో సౌనా పెట్టాలన్న ఆలోచన కూడా ఒక దశలో ఉండేది. అది చివరికి ప్లానులోంచి పోయింది. పుస్తకాలూ ఆవిరీ ఒకచోట ఎలా పొసిగేవో మరి!

[దృశ్యం: భవనం నిలువుకోత బొమ్మ. మూడు అంతస్తులు వేరువేరు రంగుల్లో.]

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. నలుగురు కలిసే చోటంటే చప్పుడు తప్పదు. లైబ్రరీ అంటే నిశ్శబ్దం కావాలి. రెంటినీ ఒకే కప్పు కిందకి తెస్తే రోజూ గొడవే. ఇల్లు కట్టేటప్పుడు వంటగది ఎక్కడ, పడగ్గది ఎక్కడ అని చూసుకుంటాం కదా, వీళ్లు చప్పుడుకి చోటు ముందే చూసుకున్నారు.

కింది అంతస్తు బజారులాంటిది. కాఫీ, సభలకు హాలు, పాత సినిమాలు వేసే థియేటరు. ఏ పనీ లేకుండా చలి తప్పించుకోవడానికి లోపలికొచ్చినా అడిగేవాళ్లు లేరు. మధ్య అంతస్తు పనివాళ్లది. మిషన్లు, ప్రింటర్లు, స్టూడియోలు, వీడియో గేములు, పదిమంది కలిసి వండుకోవడానికి అద్దెకిచ్చే వంటగది కూడా అక్కడే. ఏ గదికా గది తలుపులేసి ఉంటుంది. ఒక్క మాట కూడా మాట్లాడకుండా చదువుకునేవాళ్లకి మూసిన గది వేరే ఉంది. పుస్తకాలన్నీ పైఅంతస్తులో, వెలుగంతా పడే చోట. చేతికందే ఎత్తులో అరలు, మధ్యమధ్య నిజం చెట్లు. పిల్లల విభాగం కూడా పైనే. అంటే అక్కడా నేలమీద బొమ్మలాడుకునే సందడి ఉంటుంది, కానీ డ్రమ్ములు మాత్రం మోగవు.

మరి పుస్తకాలెన్ని? దాదాపు లక్ష. ఇంత పెద్ద భవనానికి ఇది తక్కువేనని అక్కడా సణిగినవాళ్లున్నారు. మూడింట రెండొంతుల చోటు పుస్తకాలు కాని వాటికి పోయిందంటే ఎవరికైనా కోపం వస్తుంది, నాకూ మొదట వచ్చింది. కానీ ఓదీ ఒంటరిది కాదు. హెల్సింకితోపాటు పక్కనున్న ఎస్పో, వాంటా, కౌనియాయినెన్ ఊళ్ల లైబ్రరీలన్నీ ఒకే వ్యవస్థ. కార్డు ఒకటే. వాంటాలో ఉన్న పుస్తకం కావాలని ఫోన్‌లో నొక్కితే ఓదీకి వస్తుంది. వాపసు వచ్చిన పుస్తకాలను యంత్రం వేరుచేస్తుంది, చక్రాల రోబోలు పైకి మోసుకెళ్తాయి. పుస్తకాల నిల్వ ఊళ్లన్నిటి మధ్య పంచుకున్నారు కాబట్టే ఊరి నడిబొడ్డున మనుషులకు చోటు మిగిలింది. ఇది గమనించకుండా ఒక్క ఓదీనే కాపీ కొడితే మిగిలేది ఖాళీ అరలే.

[తెరపై: చట్టం కాగితం. ఒక్కో పంక్తి వెలుగుతూ.]

ఇంకోటి, ఫొటోకి అందనిది. ఫిన్లాండ్‌లో గ్రంథాలయ చట్టాన్ని కొత్తగా రాశారు, 2017 జనవరి నుంచి అమల్లో ఉంది. లైబ్రరీకి రావడం, అక్కడి పుస్తకం తీసుకెళ్లడం, రిజర్వు చేసుకోవడం, ఏదీ డబ్బుకి ముడిపెట్టకూడదని అందులో ఉంది. నేర్చుకోవడానికి, పనిచేసుకోవడానికి, పౌరులు కలిసి మాట్లాడుకోవడానికి చోటివ్వడం కూడా లైబ్రరీ బాధ్యతేనని రాశారు. కాబట్టి కుట్టుమిషన్ కొన్న అధికారిని "లైబ్రరీలో ఇదేంటయ్యా" అని ఆడిటు వాళ్లు నిలదీయలేరు. అది ఆయన ముచ్చట కాదు, డ్యూటీ.

[దృశ్యం: కాలువ, తెరచాప పడవ. పాత నలుపు తెలుపు ఛాయ.]

ఇదంతా మనకి కొత్తా? 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పారు. గట్టు మీద ఊళ్లవాళ్లు వచ్చి తీసుకునేవాళ్లు. అంతకు ముందే, 1914లో, అయ్యంకి వెంకట రమణయ్య గారు బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘానికి ప్రాణం పోశారు. ఆ రోజుల్లో ఊరి గ్రంథాలయంలో హరికథ జరిగేది, రాత్రి బడి నడిచేది, పత్రిక ఒకరు పైకి చదివితే పదిమంది వినేవాళ్లు. హైదరాబాద్‌లో 1901లో పెట్టిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం కూడా అంతే. సభ పెట్టుకోవడమే కష్టమైన నిజాం రాజ్యంలో తెలుగువాళ్లు కలుసుకోవడానికి దొరికిన చోటు అది. చప్పుడు లేని లైబ్రరీ మనకి తర్వాత వచ్చింది.

ఇప్పుడు చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్లండి. పొద్దున్నే క్యూ. గ్రూప్స్ రాసేవాళ్లు, ఎస్సై రాసేవాళ్లు, చెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఒళ్లో అట్ట పెట్టుకుని రాసుకుంటూ కనపడతారు. చాలామంది చదివేది సొంత మెటీరియల్, లైబ్రరీ పుస్తకం కాదు. "లైబ్రరీలను కోచింగ్ హాళ్లు చేసేశారు" అని పెద్దవాళ్లు విసుక్కుంటారు. నేను ఒప్పుకోను. మన లైబ్రరీలను ఈ పదేళ్లుగా ఖాళీ పడకుండా నిలబెట్టింది వాళ్లే. వాళ్లను బయటికి పంపి రంగురంగుల సోఫాలు వేస్తే అది ముస్తాబు అవుతుందే కానీ మార్పు కాదు. వాళ్లకి నిశ్శబ్దం గది, నీళ్లు, రాత్రి పదింటిదాకా కరెంటు ముందు ఇవ్వాలి. తర్వాత ఒక్క గది, తలుపు వేసుకునేది, చప్పుడుకి. అందులో మొదట ఏం పెట్టాలో ఆ ఊరివాళ్లని అడగాలి. సిరిసిల్లలో ఒకటి చెప్తారు, చీరాలలో ఇంకోటి. కొన్నది ఆర్నెల్లు ఎవరూ వాడకపోతే తీసేసి వేరేది పెట్టాలి, హెల్సింకి పోస్టాఫీసు భవనంలోని లైబ్రరీలో చేసినట్టు.

డబ్బెక్కడిది అంటారా?

[తెరపై: ఇంటిపన్ను రశీదు. ఒక వరుస చుట్టూ ఎర్ర గీత.]

మీ దగ్గరే ఉంది. 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం మీరు కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున లైబ్రరీ సెస్సు పడుతుంది. దాన్ని వసూలు చేసేది మున్సిపాలిటీ, పంచాయతీ. అందుకోవాల్సింది జిల్లా గ్రంథాలయ సంస్థ. వసూలైనది సకాలంలో అటు చేరడం లేదన్నది రెండు రాష్ట్రాల్లోనూ ఎప్పటినుంచో ఉన్న ఫిర్యాదు. మీ ఊళ్లో ఎంత వసూలైంది, ఎంత జమైంది అన్నది సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. దరఖాస్తుకి పెద్ద ఖర్చేమీ ఉండదు. జవాబు వస్తే కామెంట్లలో మీ ఊరి పేరుతో పెట్టండి, వచ్చే వీడియోలో ఆ అంకెలతోనే మాట్లాడుకుందాం.