ఆఖరి నిమిషంలో గోల్ గీత మీద

వ్యాఖ్యాత: నమస్కారం. మన హాకీ జట్టు గురించి అభిమానులమే కూర్చుని మాట్లాడుకునే ఈ పాడ్‌కాస్ట్‌కు స్వాగతం. ఈ రోజు నాతో ఉన్నవారు ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో చాలాకాలం వ్యాయామ ఉపాధ్యాయులుగా పనిచేసి, పిల్లల చేతికి హాకీ కర్ర ఇచ్చి ఆట నేర్పిన మాస్టారు. నెదర్లాండ్స్, బెల్జియం కలిసి నిర్వహించే 2026 ప్రపంచ కప్ గురించి అభిమానులు ఎక్కడ కలిసినా ఒక్కటే ప్రశ్న వినిపిస్తోంది: హర్మన్‌ప్రీత్ సింగ్‌ను కట్టడి చేస్తే మనకు గోల్స్ ఎవరు కొడతారు? మాస్టారూ, అందరూ తప్పు చోట వెతుకుతున్నారని మీరు ఫోన్‌లో నాతో అన్నారు. అక్కడి నుంచే మొదలుపెడదాం.

మాస్టారు: నమస్కారం అమ్మా. గోల్స్ కొట్టేవాళ్లకు మనకు ఏనాడూ కొదవ లేదు. పారిస్ ఒలింపిక్స్‌లో షూటౌట్‌ను పక్కన పెడితే మన జట్టు 15 గోల్స్ చేసింది, వాటిలో 10 హర్మన్‌ప్రీత్‌వే. ఆ ఒలింపిక్స్‌లో అతడిని మించి గోల్స్ చేసినవాడు లేడు. అయినా మనకు దక్కింది కాంస్యమే. 1980 మాస్కో స్వర్ణం తర్వాత 41 ఏళ్లు ఎదురుచూశాక 2021లో టోక్యోలో ఒకటి, 2024లో పారిస్‌లో ఒకటి, వరుసగా రెండు కాంస్యాలు వచ్చాయి. ఆ రెండు పతకాలూ ఖాయమైన క్షణాలను గుర్తు చేసుకోండి. రెండు చోట్లా మనవాళ్లు గోల్ గీత మీద నిలబడి ప్రత్యర్థిని ఆపుతున్నారు.

వ్యాఖ్యాత: టోక్యో మ్యాచ్ నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. జర్మనీ చేతిలో 1-3తో వెనుకబడి, అక్కడి నుంచి 5-3కు చేరుకున్నాం. వాళ్లు మరో గోల్ చేసి 5-4కు తెచ్చాక ఆట ముగియడానికి 6.8 సెకన్లు ఉందనగా జర్మనీకి పెనాల్టీ కార్నర్ దొరికింది.

మాస్టారు: అదే నేను చెప్పబోతున్నది. సమయం అయిపోయినా పెనాల్టీ కార్నర్ పూర్తయ్యేవరకు ఆట ముగియదు కాబట్టి, ఆ 6.8 సెకన్లను తేలిగ్గా తీసుకోవడానికి లేదు. ఆ షాట్‌ను మన గోల్‌కీపర్ శ్రీజేష్ ఆపాడు, పతకం మనదైంది. మర్నాడు పత్రికలన్నీ శ్రీజేష్ ఫొటో వేశాయి, అది న్యాయమే. అయితే ఆ క్షణంలో శ్రీజేష్‌కు ముందు మరో నలుగురు ఉన్నారు. వాళ్ల గురించి మాట్లాడినవాళ్లు తక్కువ.

వ్యాఖ్యాత: కొత్తగా హాకీ చూస్తున్న శ్రోతల కోసం, పెనాల్టీ కార్నర్ ఇచ్చినప్పుడు మైదానంలో సరిగ్గా ఏం జరుగుతుందో కాస్త వివరంగా చెప్పండి.

మాస్టారు: తప్పకుండా. గోల్‌కీపర్‌తో కలిపి ఐదుగురికి మించి కాపలా ఉండకూడదు. ఆ ఐదుగురూ బంతి కదిలేవరకు గోల్ గీత వెనకే ఉండాలి. మిగతా జట్టంతా మైదానం మధ్య గీత అవతలికి వెళ్లిపోవాలి. దాడి చేసే జట్టువాడు గోల్‌పోస్టుకు 10 మీటర్ల దూరంలో, వెనుక గీత మీద బంతి పెట్టి గోల్ ముందు అర్ధవృత్తంలా గీసి ఉండే డీ బయట ఉన్న తన జట్టువాడికి నెడతాడు. ఆ బంతి డీ దాటి బయటకు వెళ్లి తిరిగి లోపలికి వచ్చాకే గోల్ మీదికి కొట్టాలి. ఒకడు దాన్ని కర్రతో ఆపుతాడు, డ్రాగ్ ఫ్లికర్ వంగి, బంతిని కర్ర మీదనే ఈడ్చుకుంటూ వచ్చి విసురుతాడు. బంతి నెట్టడం దగ్గర నుంచి గోల్ చేరడం వరకు మొత్తం సుమారు రెండు సెకన్లలో అయిపోతుంది. నేరుగా కర్రతో బలంగా కొట్టే తొలి షాట్ అయితే గోల్‌లో 46 సెంటీమీటర్ల పలక ఎత్తును దాటకూడదు. డ్రాగ్ ఫ్లిక్‌కు ఆ హద్దు లేదు, అది ఛాతీ ఎత్తులోనూ రావచ్చు, ముఖం ఎత్తులోనూ రావచ్చు. 160 గ్రాముల గట్టి బంతి గంటకు 100 కిలోమీటర్లు దాటిన వేగంతో వస్తుంటే, గీత వెనక నుంచి ఒకడు దానికి ఎదురుగా పరుగెత్తుకుంటూ వెళ్లాలి. అతడినే మొదటి రషర్ అంటారు. ముఖానికి మాస్కు, చేతికి గ్లవ్, మోకాళ్లకు ప్యాడ్లు, అతడికి ఉండే రక్షణ అంతే. మన జట్టులో ఆ పనిని ఏళ్ల తరబడి చేస్తున్నవాడు అమిత్ రోహిదాస్.

వ్యాఖ్యాత: టీవీలో చూసేవాళ్లకు అతడు ఒక అర సెకను కనిపించి మాయమైపోతాడు. మరి ఆ పరుగులో నైపుణ్యం ఎక్కడుంది? ధైర్యం ఉంటే చాలదా?

మాస్టారు: ధైర్యం లేకపోతే ఆ చోట నిలబడలేరు, కానీ ధైర్యం ఒక్కటే ఉంటే దెబ్బలు తిని వెనక్కి వస్తారు. రషర్ తిన్నగా ఫ్లికర్ మీదికి వెళ్లకూడదు. తన కర్ర వైపు ఉన్న కోణాన్ని మూసేస్తూ, కాస్త పక్క నుంచి వంపుగా పరుగెత్తాలి. అప్పుడు ఫ్లికర్‌కు ఒక మూల మాత్రమే మిగులుతుంది, గోల్‌కీపర్ తన దృష్టినంతా ఆ మూల మీద పెట్టగలుగుతాడు. గోల్ వెడల్పు 3.66 మీటర్లు. అందులో సగాన్ని రషర్ మూసేస్తే, మిగిలిన సగం గోల్‌కీపర్‌కూ పోస్టు పక్కన నిలబడ్డవాడికీ వదిలేయవచ్చు. మన తెర మీద శ్రీజేష్ అద్భుతంగా ఆపినట్టు కనిపించిన ఎన్నో షాట్లలో, అవి అక్కడికే వచ్చేలా చేసినవాడు రోహిదాస్. పిల్లలకు నేర్పేటప్పుడు నేను మొదట బంతి లేకుండా ఈ పరుగు ఒక్కటే చేయించేవాడిని, తర్వాత టెన్నిస్ బంతులతో చేయించేవాడిని. మూడో అడుగు దగ్గర దాదాపు ప్రతి పిల్లవాడూ తల తిప్పేసుకుంటాడు. తల తిప్పకుండా చూస్తూ పరుగెత్తడం అలవాటు కావడానికి నెలలు పడుతుంది.

వ్యాఖ్యాత: పారిస్ క్వార్టర్ ఫైనల్ విషయానికి వద్దాం. గ్రేట్ బ్రిటన్‌తో మ్యాచ్‌లో 17వ నిమిషంలో రోహిదాస్‌కు రెడ్ కార్డ్ చూపించారు. అతడి కర్ర ప్రత్యర్థి ముఖానికి తగిలింది. అది ఉద్దేశపూర్వకం కాదని నేను ఇప్పటికీ అంటాను.

మాస్టారు: నేనూ అదే అంటాను. మన జట్టు అప్పీలు చేసింది, కానీ ఒక మ్యాచ్ నిషేధం అలాగే నిలిచింది. అంపైరింగ్ సంగతి పక్కన పెట్టి ఆ తర్వాత జరిగింది చూడండి. 43 నిమిషాలు పదిమందితో ఆడారు. ఒకడు తక్కువైనా 22వ నిమిషంలో హర్మన్‌ప్రీత్ గోల్ చేశాడు, 27వ నిమిషంలో లీ మోర్టన్ సమం చేశాడు, ఆ తర్వాత అరగంటకు పైగా మనవాళ్లు మరో గోల్ పడనివ్వలేదు. మధ్యలో ఆడే మన్‌ప్రీత్ వెనక్కి వచ్చి రక్షణలో నిలిచాడు. ముందు వరుసలో ఆడేవాళ్లు కూడా తమ డీ దగ్గరకు వచ్చి కాపలా కాశారు. షూటౌట్‌లో మన నలుగురూ గోల్ చేయగా 4-2తో గెలిచాం. ఒలింపిక్ హాకీలో మనకు ఎనిమిది స్వర్ణాలు ఉన్నాయి, ధ్యాన్‌చంద్ ఉన్నారు, అయినా నేను చూసిన మన జట్టు మ్యాచ్‌లలో దీన్ని మించినది లేదు.

వ్యాఖ్యాత: సెమీఫైనల్‌లో రోహిదాస్ లేని లోటు నిజంగా తెలిసిందా, లేక ఓడిపోయాక మనమే అలా చెప్పుకుంటున్నామా?

మాస్టారు: మంచి ప్రశ్న. జర్మనీతో మ్యాచ్‌లో మనం ముందు గోల్ చేశాం. 18వ నిమిషంలో గొంజాలో పెయ్యాట్ పెనాల్టీ కార్నర్ మీద గోల్ చేసి సమం చేశాడు. అతడు అంతకుముందు అర్జెంటీనాకు ఆడిన డ్రాగ్ ఫ్లికర్, ప్రపంచంలోని మేటి ఫ్లికర్లలో ఒకడు. చివరకు 54వ నిమిషంలో పడిన గోల్‌తో 2-3తో ఓడిపోయాం. రోహిదాస్ ఉంటే గెలిచేవాళ్లమని నేను ప్రమాణం చేసి చెప్పలేను. కానీ పెయ్యాట్ లాంటివాడు ఎదురుగా ఉన్నప్పుడు మొదటి రషర్ లేకుండా ఆడటం పెద్ద లోటే. కాంస్యం కోసం స్పెయిన్‌తో ఆడినప్పుడు అతడు తిరిగి వచ్చాడు. 2-1 ఆధిక్యంలో ఉండగా చివరి నిమిషాల్లో స్పెయిన్ పెనాల్టీ కార్నర్లు సంపాదించింది, మనవాళ్లు వాటిని ఆపారు. శ్రీజేష్‌కు అదే ఆఖరి మ్యాచ్.

వ్యాఖ్యాత: శ్రీజేష్ వెళ్లాక 2025 జూన్‌లో మేటి దేశాల జట్లు ఆడే ప్రో లీగ్‌లో యూరప్ మ్యాచ్‌లు చూసి నేను చాలా బాధపడ్డాను. వరుసగా ఏడు ఓటములు. లీగ్ నుంచి కిందికి దిగజారే స్థానానికి ఒక్క మెట్టు పైన, తొమ్మిది జట్లలో ఎనిమిదో స్థానంలో ముగించాం.

మాస్టారు: ఆ ఏడింటిలో ఆరు ఒక్క గోల్ తేడాతో పోయినవే. నెదర్లాండ్స్‌తో 1-2, 2-3, అర్జెంటీనాతో 3-4, 1-2, ఆస్ట్రేలియాతో రెండుసార్లూ 2-3. ఈ స్కోర్లు చూశాక కూడా మనకు గోల్స్ కొట్టేవాడు లేడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆస్ట్రేలియా మీద రెండు మ్యాచ్‌లలో నాలుగు గోల్స్ చేసిన జట్టు దాడిలో బలహీనమైనది కాదు. పారిస్‌లో ఇదే ఆస్ట్రేలియాను 3-2తో ఓడించాం, 1972 తర్వాత ఒలింపిక్స్‌లో వాళ్ల మీద మనకు అదే తొలి గెలుపు. ఆ రోజు మన వైపు నిలిచిన 3-2 ఇప్పుడు వాళ్ల వైపు తిరిగింది. సమం కావలసిన మ్యాచ్, గెలవవలసిన మ్యాచ్ ఆఖర్లో ఎందుకు జారిపోతోంది? నేను అడిగేది అదే.

వ్యాఖ్యాత: గోల్‌కీపర్ మారడం వల్లనే అనుకోవచ్చా? కృషన్ బహదూర్ పాఠక్, సూరజ్ కర్కేరా ఇద్దరూ అనుభవం ఉన్నవాళ్లే.

మాస్టారు: ఇద్దరూ మంచి గోల్‌కీపర్లు, శ్రీజేష్ నీడలో ఏళ్ల తరబడి ఓపికగా ఎదురుచూసినవాళ్లు. వాళ్ల మీద నింద వేయడం అన్యాయం. శ్రీజేష్ ఆపడంతో పాటు ఇంకో పని చేసేవాడు: వెనక నుంచి అరుస్తూ మొత్తం రక్షణను నడిపించేవాడు. టీవీలో వ్యాఖ్యానం ఆగిన క్షణాల్లో ఆ గొంతు మనకు కూడా వినపడేది. ఎవరు ఎవరిని పట్టుకోవాలి, ఎవరు లోపలికి రావాలి, అంతా అతడే చెప్పేవాడు. ఆ పని ఇప్పుడు ఎవరు చేస్తున్నారో నాకు స్పష్టంగా కనిపించడం లేదు. ఆఖరి ఐదు నిమిషాల్లో కాళ్లు అలసిపోయినప్పుడు ఆ గొంతు అవసరం ఎక్కువ.

వ్యాఖ్యాత: ఆఖరి నిమిషాల బాధ మనకు కొత్తది కాదు కదా, మాస్టారూ. మన తెలుగు నేలకు కూడా ఆ గాయం ఉంది.

మాస్టారు: ఉందమ్మా. 2000 సిడ్నీ ఒలింపిక్స్. హైదరాబాద్ నుంచి వచ్చిన ముఖేష్ కుమార్‌కు అది మూడో ఒలింపిక్స్. పోలండ్ మీద గెలిస్తే సెమీఫైనల్. ధన్‌రాజ్ పిళ్లై గోల్ చేశాడు, 1-0తో ముందున్నాం, ఇంకా రెండు నిమిషాలైనా లేవనగా పోలండ్ సమం చేసింది. ఆ ఒక్క గోల్‌తో సెమీఫైనల్ పోయింది, చివరకు ఏడో స్థానం మిగిలింది. ధన్‌రాజ్, ముఖేష్ ఉన్న జట్టుకు గోల్స్ కరువా? ఆ తరానికి పతకం రాకపోవడానికి ఆఖరి రెండు నిమిషాలు చాలాయి. ఈ తరం టోక్యోలో ఆ ఆఖరి 6.8 సెకన్లను నెగ్గింది. ఆ తేడాను అభిమానులు మరచిపోకూడదని నా తపన.

వ్యాఖ్యాత: రక్షణ గురించే కాబట్టి ఉమ్మడి చిత్తూరు జిల్లా అమ్మాయి ఏటిమరపు రజని పేరు కూడా నేను తలచుకోవాలి. మహిళల జట్టులో సవిత పూనియా ఉండగా రెండో గోల్‌కీపర్‌గా ఏళ్ల తరబడి నిలిచింది. 2017లో ఆసియా కప్ గెలిచిన జట్టులో ఆమె ఉంది.

మాస్టారు: రెండో గోల్‌కీపర్‌గా ఉండటం ఎంత కష్టమో బయటివాళ్లకు తెలియదు. ప్రతిరోజూ అంతే సాధన, అన్నే దెబ్బలు, మ్యాచ్ రోజున మాత్రం బెంచి మీద కూర్చోవాలి. మన రాష్ట్రాల్లో గోల్‌కీపర్ కావాలనుకునే పిల్లలకు మొదటి అడ్డంకి సామగ్రి. కాళ్ల ప్యాడ్లు, పాదాలకు కట్టే కిక్కర్లు, హెల్మెట్, ఛాతీ రక్షణ అన్నీ కలిపితే మామూలు కుటుంబం భరించే ఖర్చు కాదు. కేరళలో శ్రీజేష్ తండ్రి కొడుకు ప్యాడ్ల కోసం ఆవును అమ్మారని అందరికీ తెలిసిన సంగతే. ఎక్కువ బడుల్లో ఒక సెట్టు ఉంటే అదృష్టం, రషర్లకు మాస్కులు అసలే ఉండవు. మాస్కు లేకుండా నేను ఏ పిల్లవాడినీ అసలు బంతికి ఎదురుగా పంపలేదు, పంపవద్దని ఇతర ఉపాధ్యాయులకు కూడా చెబుతాను.

వ్యాఖ్యాత: మళ్లీ ప్రపంచ కప్‌కు వద్దాం. 2025 సెప్టెంబరులో రాజ్‌గిర్‌లో కొరియాను 4-1తో ఓడించి ఆసియా కప్ గెలిచి, నేరుగా అర్హత సాధించాం. 1975లో కౌలాలంపూర్‌లో పాకిస్థాన్‌ను 2-1తో గెలిచి కప్పు తెచ్చుకున్నాక మళ్లీ ఒక్కసారి కూడా సెమీఫైనల్ చేరలేదు. ఈసారి పెనాల్టీ కార్నర్‌కు గీత వెనక ఎవరెవరు ఉండాలని మీరు కోరుకుంటున్నారు? రోహిదాస్‌కు ఇప్పుడు ముప్ఫై ఏళ్లు దాటాయి. చిన్నవాళ్లకు అవకాశం ఇవ్వాలని నేను అంటాను.

మాస్టారు: ఇవ్వండి, కాదనను. రక్షణలో ఆడే జర్మన్‌ప్రీత్, సంజయ్ ఇద్దరూ ఆ పరుగుకు పనికొస్తారు. మొదటి మూడు క్వార్టర్లలో వాళ్లను పంపి రోహిదాస్ కాళ్లను కాపాడుకోవచ్చు. ఆఖరి క్వార్టర్‌లో ఒక్క గోల్ ఆధిక్యం ఉన్నప్పుడు మాత్రం రోహిదాసే వెళ్లాలి.

వ్యాఖ్యాత: నేను ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. ఆఖరి క్వార్టర్‌లో వెళ్లే అనుభవం ఇప్పుడే రాకపోతే, 2028 లాస్ ఏంజెలెస్‌కు సంజయ్ ఎలా సిద్ధమవుతాడు?

మాస్టారు: ప్రపంచ కప్‌కు ముందు జరిగే మ్యాచ్‌లు అందుకే ఉన్నాయి. అక్కడ ఆఖరి నిమిషంలో సంజయ్‌నే పంపాలి, గోల్ పడినా సరే మళ్లీ అతడినే పంపాలి. కప్పు మొదలయ్యాక నా జాబితా మారదు: గోల్‌లో పాఠక్, పోస్టు పక్కన హర్మన్‌ప్రీత్, రెండో రషర్‌గా జర్మన్‌ప్రీత్, అతడి పక్కన హార్దిక్, ముందుగా పరుగెత్తేది రోహిదాస్.

వ్యాఖ్యాత: హార్దిక్ విషయంలో శ్రోతలు మీతో వాదనకు దిగుతారు, నేనూ వాళ్లతో కలుస్తాను. వచ్చే భాగంలో మధ్య వరుస గురించి మాట్లాడినప్పుడు అక్కడి నుంచే మొదలుపెడదాం. వచ్చినందుకు ధన్యవాదాలు, మాస్టారూ.

మాస్టారు: సంతోషం అమ్మా. ఈసారి మ్యాచ్ చూసేటప్పుడు పెనాల్టీ కార్నర్ రాగానే ఫ్లికర్‌ను వదిలేసి, గీత వెనక మాస్కు కట్టుకుంటున్నవాళ్లను చూడమని మీ శ్రోతలకు చెప్పండి.