లైటు మిణుకుతోందంటే మోటారు పోయినట్టు కాదు

అందరికీ నమస్కారం. పికప్ బండ్ల ఫోర్ వీల్ డ్రైవ్‌లో కరెంటు పనుల గురించి మాట్లాడమన్నారు. లివర్ పట్టుకుని గుంజే పాత బండ్లని పక్కన పెడదాం. డయల్ తిప్పితే మారే బండ్ల గురించే చెప్తాను. మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్ అలాంటిదే. వైర్ల రంగులు, పిన్ నంబర్లు బండికో రకంగా ఉంటాయి కాబట్టి సర్క్యూట్ డయాగ్రమ్ లేకుండా చెయ్యి పెట్టొద్దు, కానీ పని జరిగే వరస మాత్రం దాదాపు అన్నిట్లో ఒకటే.

ఆ వరస వినండి. మీరు డయల్‌ని టూ హెచ్, అంటే రెండు చక్రాలే లాగే పొజిషన్ నుంచి ఫోర్ హెచ్, అంటే నాలుగు చక్రాలూ లాగే పొజిషన్‌కి తిప్పితే ఆ మాట ముందు కంట్రోల్ యూనిట్‌కి వెళ్తుంది, అది బండి స్పీడెంతో చూసుకుంటుంది, ఫోర్ ఎల్, అంటే నాలుగు చక్రాలూ తక్కువ స్పీడులో ఎక్కువ బలంతో లాగే పొజిషన్ అడిగితే బండి ఆగిందా, గేరు న్యూట్రల్‌లో ఉందా అని కూడా చూసుకుంటుంది, అన్నీ కుదిరితేనే ట్రాన్స్‌ఫర్ కేస్, అంటే ఇంజిన్ బలాన్ని ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ పంచే గేర్ల పెట్టె, దాని మీదున్న మోటారుకి కరెంటు ఇస్తుంది. మోటారు షాఫ్ట్‌ని తిప్పుతుంది, ఎంతవరకు తిరిగిందో పొజిషన్ సెన్సరు తిరిగి చెప్తుంది, ముందు యాక్సిల్‌ని కలిపే యాక్చుయేటర్ వేరేగా ఉన్న బండిలో అదీ కలుస్తుంది. ఇవన్నీ అయ్యాకే డాష్‌బోర్డు మీద ఫోర్ వీల్ డ్రైవ్ లైటు నిలకడగా వెలుగుతుంది. అంటే మిణుకుతున్న లైటు చెప్పేది ఒక్కటే, అడిగిన పని పూర్తయిందన్న కబురు ఇంకా రాలేదని. ఎక్కడ ఆగిందో అది చెప్పదు.

మన షెడ్లలో జరిగేదేంటంటే లైటు మిణకగానే మోటారు మార్చేస్తారు, అప్పటికీ మిణికితే కంట్రోల్ యూనిట్ మార్చేస్తారు. ఓనరు జేబు ఖాళీ అవుతుంది, తప్పు ఎక్కడిదక్కడే ఉంటుంది. తప్పుల కోడ్‌లు చదివే స్కానర్ పెట్టామంటారా? కోడ్ వచ్చింది సర్క్యూట్ పేరు మీద, పార్టు పేరు మీద కాదు. జనరల్ మోటార్స్ పికప్‌లలో సీ0327 అని ఒక కోడ్ ఉంది, ఎన్‌కోడర్, అంటే ఇందాకటి పొజిషన్ సెన్సరు, దాని సర్క్యూట్‌లో తప్పు అని దానర్థం. ఆ సర్క్యూట్‌లో సెన్సరూ ఉంది, వైర్లూ ఉన్నాయి, వైర్లని కలిపే కప్లర్లూ ఉన్నాయి. ఇంకో సంగతి, బ్యాటరీ వీక్‌గా ఉంటే యూనిట్లు ఒకదాని మాట ఒకటి వినక యూ తో మొదలయ్యే కోడ్‌లు గుంపుగా పడతాయి. అందుకే ముందు బ్యాటరీ. బండి ఆపి కాసేపయ్యాక 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. అది సరిచేసి, కోడ్‌లు చెరిపేసి, మళ్ళీ ఏవి వస్తాయో చూడండి.

తర్వాత చెవి. ఇంజిన్ ఆపి, ఇగ్నిషన్ ఆన్ చేసి, ఒకరు డయల్ తిప్పితే ఇంకొకరు కింద ట్రాన్స్‌ఫర్ కేస్ మీద చెయ్యి వేసి ఉండండి. మోటారు గుర్రుమని తిరిగి ఆగిందా, అయినా లైటు మిణుకుతోందా, అప్పుడు పొజిషన్ సెన్సరు వైపో, ముందు యాక్సిల్ వైపో వెళ్ళండి. అసలు చప్పుడే లేదా, అప్పుడు ఫ్యూజు, రిలే, ఎర్త్, డయల్. ఎర్త్ అంటే కరెంటు బ్యాటరీ నెగటివ్‌కి తిరిగెళ్ళే దారి. ఫోర్ హెచ్‌కి వస్తోంది కానీ ఫోర్ ఎల్ మాత్రం పడట్లేదంటే ముందు న్యూట్రల్ స్విచ్, క్లచ్ స్విచ్ చూడండి, ఈ చిన్న స్విచ్‌ల వల్ల పెద్ద పార్టులు ఊరికే మారిపోతుంటాయి.

ఇప్పుడు అసలు విషయం. కప్లర్ పీకి మీటర్ పెట్టి 12 వోల్టులు వస్తున్నాయి, వైరు బాగానే ఉంది అంటారు. కట్టుకొయ్య దగ్గర పడుకున్న ఎద్దుని చూసి అరక లాగుతుందని చెప్పినట్టుంటుంది. లోడ్ లేనప్పుడు ఒక్క పోగు మిగిలిన వైరులో కూడా 12 వోల్టులు కనపడతాయి. 1.2 ఓముల మోటారు ఉందనుకోండి, 12 వోల్టుల మీద 10 ఆంపియర్లు లాగాలి. దారిలో చిలుము పట్టిన పిన్ దగ్గర అర ఓము అడ్డం పడితే కరెంటు 7 ఆంపియర్లకి పడిపోతుంది, మోటారుకి మిగిలేది 8.5 వోల్టులే. గట్టి మట్టిలో గేరు కలపాల్సొస్తే చతికిలపడుతుంది. ఆ అర ఓముని మామూలు మీటరులో ఓములు కొలిచి పట్టుకోవడం కష్టం, మీటరు తీగలకే అంతో ఇంతో రెసిస్టెన్స్ ఉంటుంది.

కాబట్టి కప్లర్ తగిలించే ఉంచి, వెనక నుంచి సన్న పిన్ దూర్చి కొలవండి. నల్ల తీగ బ్యాటరీ నెగటివ్ మీద, ఎర్ర తీగ కంట్రోల్ యూనిట్ ఎర్త్ పిన్ మీద పెట్టి డయల్ తిప్పించండి. మోటారు తిరిగేది ఒకటి రెండు సెకన్లే కాబట్టి మీటర్‌ని అన్నిటికన్నా ఎక్కువ రీడింగ్ పట్టి ఉంచే మ్యాక్స్‌లో పెట్టుకోండి. 0.2 వోల్టులు దాటితే ఎర్త్‌లో తేడా ఉంది. పాజిటివ్ వైపు బ్యాటరీ నుంచి యూనిట్ సప్లై పిన్ దాకా అర వోల్టు దాటకూడదు.

పాడేరు వైపు తిరిగే బండి ఒకటి, పగలు బాగానే ఉండేది, రాత్రి మాత్రం లైటు మిణికేది. హెడ్‌లైట్లు వేస్తే 1.4 వోల్టులు ఎర్త్‌లోనే పోతున్నాయి. బాడీ పని చేసినప్పుడు ఎర్త్ బోల్టు కింద పెయింట్ పడింది, పైగా తర్వాత పెట్టించిన ఫాగ్ లైట్ల ఎర్త్ కూడా అదే బోల్టుకి బిగించారు. గీకి, శుభ్రం చేసి బిగిస్తే అయిపోయింది. కొత్త యూనిట్ అప్పటికే ఆర్డర్ పెట్టి ఉంది, అది వేరే కథ.

కప్లర్లు చూసేటప్పుడు తొందరొద్దు. ట్రాన్స్‌ఫర్ కేస్ దగ్గర కప్లర్ కిందకి ఉంటుంది, వాగు నీళ్ళు, వాటర్ సర్వీసింగ్ ప్రెషర్ అంతా దాని మీదే. లోపలి రబ్బరు సీలు ఉందా, పిన్‌ల మీద ఆకుపచ్చ చిలుముందా, ఏదైనా పిన్ వెనక్కి జారిందా అని టార్చి వేసి చూడండి. వైరుని మెల్లగా లాగితే పైన తొడుగు బాగుండి లోపల రాగి తెగిన చోట సాగుతుంది.

కరెంటుది కాని తప్పు కూడా ఒకటుంది. తారురోడ్డు మీద ఫోర్ హెచ్‌లో మలుపులు తిప్పి తిప్పి టూ హెచ్‌కి మారిస్తే గేర్లు బిగుసుకుని వదలవు, లైటు మిణుకుతూనే ఉంటుంది. నాలుగు మీటర్లు రివర్స్ పోతే వదిలేస్తుంది. దీనికి కూడా వైరింగ్ విప్పేసే వాళ్ళున్నారు.

ఇక బయట బండి పెట్టించాను, సర్క్యూట్ కాగితం బానెట్ మీద ఉంది. పొద్దున్నే ఆ బండిలో ఒక చోట తప్పు చేసి పెట్టాను. ఇద్దరిద్దరుగా మీటర్లు తీసుకుని రండి, పార్టు మార్చాలి అన్నవాళ్ళు ఆ పార్టు దగ్గర ఎన్ని వోల్టులొచ్చాయో రాసి తెండి.