మైక్రోవేవ్ సోకితే న్యూరాన్ ఏం చేస్తుంది?

హోస్ట్: మేడమ్, సూటిగా అడుగుతాను. మైక్రోవేవ్ తరంగాలు సోకితే జంతువుల మెదడు కణాల పనితీరు మారుతుందా?

అతిథి: మోతాదు పెరిగితే తప్పకుండా మారుతుంది, మెదడు వేడెక్కుతుంది కాబట్టి. న్యూరాన్‌కు, అంటే నాడీకణానికి, వేడి అస్సలు పడదు. ఒక్క డిగ్రీ పెరిగినా అది సిగ్నల్ పంపే వేగంలో తేడా వస్తుంది. కిలో బరువుకు దాదాపు 4 వాట్లు ఒంట్లోకి చేరితే, జంతువులు బాగా నేర్చుకున్న పనిని కూడా మధ్యలో వదిలేస్తాయి. మామూలు జనానికి పెట్టిన అంతర్జాతీయ పరిమితి అందులో యాభయ్యో వంతు, అంటే 0.08 వాట్లు.

హోస్ట్: అయితే అంతా వేడి మహిమేనా?

అతిథి: అసలు గొడవంతా అక్కడే ఉంది! అప్లీసియా అని ఒక సముద్రపు నత్త ఉంది. దాని న్యూరాన్లు కొన్ని గడియారంలా, ఎవరూ కదపకుండానే సిగ్నల్స్ కొడుతూ ఉంటాయి. 1975లో వాటిని బయటికి తీసి మైక్రోవేవ్ తగిలిస్తే, కొన్నింటి వేగం తగ్గింది. వాటిని మామూలుగా వెచ్చబెట్టి చూస్తే ప్రతిసారీ అలా జరగలేదు.

హోస్ట్: ఇంకేం, తేలిపోయినట్టే కదా?

అతిథి: అంత తొందరగా తేలదండీ. ఇలాంటి పేపర్ చేతికొస్తే నేను ముందు చూసేది ఎలక్ట్రోడ్‌ను, అంటే కణం సిగ్నల్‌ను వినడానికి గుచ్చే సాధనాన్ని, దేనితో చేశారని. మెదడులో గుచ్చింది లోహపు తీగైతే అదే యాంటెన్నా అయిపోతుంది. తరంగాల శక్తంతా దాని కొన దగ్గర పోగుపడి, సరిగ్గా మనం వింటున్న కణాన్నే కాల్చేస్తుంది. అందుకే ఉప్పునీళ్లు నింపిన సన్నటి గాజు గొట్టాలు వాడతారు, లేదా కార్బన్‌వి.

హోస్ట్: ఎలుకల మెదడు దెబ్బతిందని ఒక అధ్యయనం వచ్చింది కదా?

అతిథి: స్వీడన్‌లో లైఫ్ సాల్ఫోర్డ్ బృందం, 2003. 32 ఎలుకలు, సెల్‌ఫోన్ తరంగాలు 2 గంటలు. 50 రోజుల తర్వాత చూస్తే కొన్ని న్యూరాన్లు ముడుచుకుపోయి నల్లగా కనిపించాయి. వేరే ల్యాబులు మళ్లీ చేస్తే అవి దొరకలేదు. పైగా ప్రాణం పోయాక మెదడును బయటికి తీసేటప్పుడు ఒత్తిడి పడినా కణాలు అలాగే నల్లబడతాయి.

హోస్ట్: మరి ఏ ఫలితాన్ని నమ్మాలి?

అతిథి: ఎలుక కదలకుండా దాన్ని ఇరుకు గొట్టంలో పెడతారు. దానికి అదే పెద్ద టెన్షన్, ఆ టెన్షన్‌కే మెదడు కణాలు మారతాయి. కాబట్టి ఇంకో గుంపును అదే గొట్టంలో, అంతే సేపు, స్విచ్ వేయకుండా ఉంచాలి. మెదడు ముక్కల్ని చూసే మనిషికి ఏది ఏ గుంపుదో తెలియకూడదు. ఆ రెండూ రాసి ఉంటేనే నేను ఫలితాల పేజీ తిప్పుతాను.